బీమా సంస్థల కలయికకు ముందు గీయవలసిన పటము

(నకిరేకల్ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నన్నీ సభలో ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు కోరినపుడు, విద్యార్థి వసతిగృహమును గూర్చియో నూలు ధరలను గూర్చియో మాటలాడుదునని వారు తలంచియుండవచ్చును. ఆ విషయములను నాకంటె బాగుగ నెరిగిన పెద్దలు ఈ వేదికపైననే కలరు. నేను మగ్గపుటింట పుట్టి, చదువుకొని, బీమా వ్యాపారమునకు సంబంధించిన కంప్యూటరు పనులలో ఇరువది యేండ్లకు పైగా గడపినవాడను. కావున నాకు తెలిసినదానినే విన్నవింతును. రెండు మూడు బీమా సంస్థలు కలసి యొకటి యగునపుడు వాని పనులను, లెక్కలను, యంత్రములను ఎట్లు కలుపవలెను? కలుపుటకు ముందు పటమేల గీయవలెను? ఇదియే నేటి నా విషయము.

ఇది పెద్ద కంపెనీల గొడవ, నేతగాని కిందులో నేమి సంబంధము అని కొందరికి తోచవచ్చును. సంబంధమెట్టిదో నేను కన్నులార చూచిన యొక సంగతివలన తెలియును.

మా దగ్గరి బంధువొకడు జీవితబీమా చేసియుండెను. అతని పేరు చెప్పను. సంస్థ పేరును చెప్పను. ఈ యుపన్యాసములో ముందు పేర్కొనబోవు సంస్థలలో నది లేదు. కొన్ని యేండ్లకు ఆ సంస్థ మరియొకదానిలో కలసెను. పాలసీలకు క్రొత్త సంఖ్యలు వేసిరి. మావాడు పాత సంఖ్యతోనే, గడువు దాటిన పిమ్మట నిచ్చు ముప్పది దినముల లోపలనే, ప్రీమియము చెల్లించి రసీదు పుచ్చుకొనెను. సొమ్ము చేరినది. కాని క్రొత్త పుస్తకములో పాత సంఖ్య లేదు గనుక అది లెక్క తేలని సొమ్ము అను పద్దులో పడియుండెను. వేరొక పుస్తకము, సొమ్ము రాలేదని చూచి, పాలసీ రద్దయినదని వ్రాసికొనెను. హెచ్చరిక యుత్తరము పంపిరి. అది అతడు విడిచిపెట్టిన యద్దె యింటికి పోయెను. మారిన చిరునామా పాత సంస్థ కౌంటరు పుస్తకములోనే నిలిచిపోయినది. కొలది మాసములకే యతడు కాలధర్మము నొందెను. నామినీ యైన భార్య దరఖాస్తు పెట్టుకొనగా, పాలసీ అమలులో లేదని సమాధానము వచ్చెను. ఇనుప పెట్టెలో ఆ రసీదు దొరకినది. దానిని పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగగా తిరుగగా, ఎనిమిది మాసములకు సొమ్ము ఆమె చేతబడినది. ఈలోపల ఆమె యప్పుచేసి పిల్లలను సాకెను. మగ్గమును అమ్ముకొనెను.

ఇందు దొంగతనము చేసినవాడు లేడు. అబద్ధమాడిన గుమాస్తా లేడు. ఏ పుస్తకమున కా పుస్తకము సరిగానే యున్నది. రెండింటిని కలుపు పోగు మాత్రమే లేదు. మగ్గముమీద పోగు తెగినచో నేతగాడు వెంటనే చూచి యతుకును. లెక్కలలో పోగు తెగినచో నేత యాగదు. బట్ట సాగుచునే యుండును. చిల్లు ఇంటి యజమాని పోయిన దినమున గాని కనబడదు.

సోదరులారా, సంస్థల కలయిక మనదేశమునకు క్రొత్త కాదు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. అట్టి బీమా సంస్థలు దేశమంతట వెలసెను. 1956 జనవరి 19వ తేదీన భారత ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా జీవితబీమా నిర్వహణమును తన చేతిలోనికి తీసికొనెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన జీవితబీమా కార్పొరేషను 5 కోట్ల రూపాయల మూలధనముతో ఏర్పడెను. అందు కలసినవి 154 స్వదేశ కంపెనీలు, 16 విదేశ కంపెనీలు, 75 ప్రావిడెంటు సంఘములు, మొత్తము 245. అప్పటికి మన నకిరేకల్ హైదరాబాదు రాష్ట్రములో నుండెను. సరిగా రెండు మాసములకు, నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. అనగా మన తాతలు ఒక్క యేటనే రెండు మహాసమ్మేళనములను చూచిరి.

కాగితముమీద 245 సంస్థలు ఒక్క దినమున ఒకటి యయ్యెను. లెక్కలు మాత్రము ఒక్క దినమున ఒకటి కాలేదు. ఆరంభమున కార్పొరేషనునకు 5 జోనల్ కార్యాలయములు, 33 డివిజనల్ కార్యాలయములు, 212 శాఖలు ఉండెను. కార్డులకు రంధ్రములు పొడిచి లెక్కించు యంత్రములు 1950–60 మధ్య కాలపు చివరి యేండ్లలో వచ్చెను. 1964లో కంప్యూటరు ప్రవేశించెను. 1980 తరువాతి పునర్వ్యవస్థీకరణములో పాలసీదారుల సేవ శాఖలకు అప్పగింపబడి, శాఖలలో చిన్న కంప్యూటర్లు వెలసెను. 1995 జూలైలో కౌంటరువద్దనే కంప్యూటరు ద్వారా సేవ యారంభమయ్యెను. 1997 నవంబరులో ముంబయిలోని 74 శాఖలను ఒక వలగా కలుపగా, ఆ నగరపు పాలసీదారుడు ఏ శాఖలోనైన ప్రీమియము కట్ట గలిగెను. 1956 నుండి 1997 వరకు లెక్కించి చూడుడు, నలుబదియొక్క యేండ్లు. పేరు కలియుట వేరు, పనులు కలియుట వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మన ప్రాంతమున మరియొక కలయికయు జరిగినది. నిజాము కాలమున మన సంతలలో చెలామణి యైనది హాలీ సిక్కా. రైలెక్కి బెజవాడ పోయినచో కల్దారు రూపాయి వలయును. హాలీ రూపాయలు ఏడు, కల్దారు రూపాయలు ఆరు సమానమని నూలు కొనువానికిని, చీరె అమ్మువానికిని కంఠస్థముగా నుండెను. హైదరాబాదు రాష్ట్రము భారతదేశమున చేరిన పిమ్మట హాలీ సిక్కా క్రమముగా తొలగిపోయెను. ఏడింటికి ఆరు అను నిష్పత్తి ముందే స్థిరపడియుండుటచేత పాత పద్దును క్రొత్త పద్దుగా మార్చుటకు దారి యుండెను. ఈ చిన్న నిష్పత్తియే నేను చెప్పబోవు పటములోని యొక గీత. పాత సంఖ్యకు క్రొత్త సంఖ్య యేది, పాత మాటకు క్రొత్త మాట యేది, అని కలయికకు ముందే వ్రాసి యుంచుట దీని సారము. మావాని పాలసీ విషయమున లోపించినది సరిగా నిదియే.

మనకాలమున ఇట్టి కలయికలు హెచ్చినవి. అపోలో మ్యూనిక్ ఆరోగ్యబీమా సంస్థ 2020లో హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గోలో కలసెను. ఎక్సైడ్ లైఫ్ 2022లో హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌లో కలసెను. ఇట్టివానికి బీమా నియంత్రణ సంస్థ యనుమతి వలయును. ప్రభుత్వరంగమునందలి మూడు సాధారణ బీమా కంపెనీలను ఒకటిగా చేయుదుమని 2018 బడ్జెటులో ప్రకటించి, 2020 జూలైలో ఆ ప్రయత్నమును విరమించిరి. కలపుటయా మానుటయా అనునది పాలకుల నిర్ణయము. దానిని పటము నిర్ణయింపదు. కలుపదలచినచో ఏ పోగు దేనికి ముడిపడియున్నదో ముందుగా చూపుటయే పటము పని.

ఇట్టి పటములు గీయు విద్యను ఇప్పుడు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అందురు. సంస్థా నిర్మాణవిద్య యని మనము చెప్పుకొనవచ్చును. 1987లో ఐబీఎం సంస్థలో పనిచేయుచుండిన జాన్ జాక్‌మన్ అను నతడు, ఇల్లు కట్టువారికి ప్లానులున్నట్లు సంస్థల సమాచార వ్యవస్థలకును ప్లానులుండవలెనని యొక ప్రసిద్ధవ్యాసము వ్రాసెను. తరువాత 2002 మొదలుకొని హాలెండు దేశమున ఆర్కిమేట్ అను పటభాష తయారయ్యెను. ది ఓపెన్ గ్రూప్ అను అంతర్జాతీయ సంఘము దానిని స్వీకరించి 2009లో ప్రమాణముగా ప్రకటించెను. ఆ భాషను నేర్పుటకు వారు పెట్టుకొనిన యుదాహరణము బీమా సంస్థయే యగుట గమనింపదగినది. ఆర్కిసూరెన్స్ అను కల్పిత సంస్థలో ఇండ్లకు, ప్రయాణములకు బీమా చేయు కంపెనీ యొకటి, మోటారు వాహనములకు చేయునది యొకటి, వ్యాజ్యపు ఖర్చులకు చేయునది యొకటి, ఈ మూడును కలసెను. ముందుకౌంటరును ఒకటిగా చేసిరి. వెనుకనుండు లెక్కలు మాత్రము వేరువేరుగానే నిలిచెను. ముందర ఒక తలుపు, లోపల మూడు పొయ్యిలు! ఈ చిక్కును విడదీయుటయే విద్యార్థికి పాఠము.

ఈ విద్య మనకు పరాయిది కాదు. పోచంపల్లి, పుట్టపాక నేతగాండ్రు చిటికి బట్ట నేయుట ఎరుగని వారీ సభలో లేరు. మొదట గ్రాఫు కాగితముపై గళ్లు లెక్కించి రూపము గీయుదురు. ఆసుపై దారము పోసి, గుర్తులు పెట్టి, రంగంటరాని చోట్ల కట్లు కట్టుదురు. రంగులో ముంచి, కట్లు విప్పి, మరల కట్టి వేరొక రంగులో ముంచుదురు. మగ్గమెక్కకముందే బట్ట రూపము నూలులో నిలిచియుండును. పడుగునందును పేకయందును చిటికి యున్నచో రెండు రూపములును గడికి గడి కలియవలెను. కాగితముపై ఒక గడి తప్పినచో రబ్బరుతో తుడువవచ్చును. రంగులో ముంచిన పిమ్మట తుడుచు రబ్బరు లేదు. రెండు సంస్థల లెక్కలను కలుపుటయు ఇట్టి జంట చిటికి పనియే.

ఆ పటమెట్లుండునో సంగ్రహముగా చెప్పెదను. అందు ముఖ్యముగా మూడంతస్తులు. పై అంతస్తున మనుష్యులు చేయు పనులు. నడుమ ఆ పనులకు తోడ్పడు కంప్యూటరు ప్రోగ్రాములు, అవి యుంచుకొను లెక్కలు. క్రింద ఆ ప్రోగ్రాములను నడుపు యంత్రములు, వానిని కలుపు తీగలు. ఒక్కొక్క పనినుండి దానికి తోడ్పడు ప్రోగ్రామునకు, ప్రోగ్రామునుండి యంత్రమునకు గీతలు గీయుదురు.

మరణానంతరము సొమ్ము చెల్లించు పనిని తీసికొందము. దరఖాస్తు నమోదు చేయుట, పాలసీ అమలులో నున్నదా యని చూచుట, నామినీని గుర్తించుట, మంజూరు చేయుట, బ్యాంకుఖాతాకు పంపుట, ఇవి ఐదు మెట్లు. రెండవ మెట్టునకు పాలసీల పుస్తకము తోడ్పడును. ఆ పుస్తకమునకు ప్రీమియము పుచ్చుకొను ప్రోగ్రాము వార్త చెప్పవలెను. చిరునామా మారినచో ఆ సంగతి కౌంటరు పుస్తకమునుండి హెచ్చరికలు పంపు ప్రోగ్రామునకు పోవలెను. మావాని సంగతిలో ఈ రెండు గీతలును తెగియుండెను. పటము గీసి చూచినవానికి, ఇచటినుండి అచటికి గీత యేది, అను ప్రశ్న ఆ క్షణమే పుట్టియుండును. పటము గీయనందున ఆ ప్రశ్న ఒక వితంతువు అడుగవలసివచ్చెను.

కలయికకు ఒక్క పటము చాలదు. కలియబోవు ప్రతి సంస్థకును నేడున్న స్థితిని చూపు పట మొకటి, కలసిన తరువాత నుండవలసిన స్థితిని చూపు పట మొకటి వలయును. ఈ రెంటిని పక్కపక్కన పెట్టినచో ఏవి జంటగా నున్నవి, ఏవి లోపించినవి, ఏవి తొలగింపవలెను అను సంగతి తేటపడును. పిమ్మట ఒకేసారి దుముకక, నడుమ నిలువదగిన మెట్లను నిర్ణయింపవలెను. ప్రతి మెట్టుమీదను పాలసీదారునకు సేవ ఆగకుండ సాగవలెను. ప్రతి మెట్టుమీదను లెక్క సరిచూడవలెను. తరలింపునకు ముందున్న పాలసీలెన్ని, తరువాత నున్నవెన్ని? బీమా మొత్తములు అటు ఇటు సరిపోయినవా? నామినీ లేని పాలసీ లెన్ని తేలినవి? లెక్క తేలని సొమ్ము పద్దులో మిగిలిన దెంత? ఈ చివరి పద్దు తగ్గి తగ్గి సున్న కానంతవరకు కలయిక పూర్తియైనదని చెప్పుటకు ఎవరికిని హక్కు లేదు.

కలసిన పిమ్మటను పటమునకు పని తీరదు. యంత్రమొకటి చెడినచో క్రిందినుండి పైకి గీతలవెంట పోయి, ఏ ప్రోగ్రాము ఆగును, ఏ కౌంటరులో ఏ పని నిలుచును అని తెలిసికొనవచ్చును. ఒక ప్రోగ్రామును మార్పదలచినచో అది యెవరెవరిని తాకునో ముందే చూడవచ్చును. రాత్రి లెక్కలు ముగియక తెల్లవారినచో మొదట దేనిని చక్కపరుపవలెను? చెల్లింపుల పనినా, ప్రకటనల పనినా? పటము చేతనున్నవాడు తడుముకొనడు.

పాతకాపులైన యుద్యోగులుండగా పటమేల అని కొందరందురు. వారి జ్ఞానము గొప్పది. నేను నేర్చినదెల్ల అట్టివారివద్దనే నేర్చితిని. అయితే వారు ఉద్యోగమునుండి విరమించు దినమున ఆ జ్ఞానమును వారితోనే పోవును. పటము గీసి బీరువాలో పెట్టినచో ఏమి ఫలమని మరికొంద రందురు. ఈ యాక్షేపణ న్యాయమైనదే. మార్పు జరిగినపుడెల్ల దిద్దని పటము లేనిదానికంటెను కీడు చేయును. అంతకంటె పెద్దదోషము, పటమును యజమాని వైపునుండియే గీయుట. ఎన్ని యంత్రములు తగ్గును, ఎంత ఖర్చు మిగులును అనుటతో ఆరంభించిన పటములో నామినీ కెచటను చోటుండదు. ఆమె దరఖాస్తుతో నారంభించి వెనుకకు గీయుచు పోయినదే మేలైన పటము.

మన శ్రీ చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించి తమ తల్లిగారి పేర లక్ష్మీ ఆసుయంత్రమని వ్యవహరించిరి. 2017లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. తల్లి చేయి పడు శ్రమను వారు మొదట చూచిరి, యంత్రమును తరువాత చేసిరి. కంప్యూటరు పనివారికి ఇంతకంటె మంచి పాఠము మరియొకటి లేదు.

ఇక మన కర్తవ్యమేమి? 2022 ఆగస్టు 7వ తేదీన, జాతీయ చేనేత దినోత్సవమున, తెలంగాణ ప్రభుత్వము నేతన్న బీమా పథకమును ఆరంభించెను. 18 నుండి 59 ఏండ్ల వయస్సుగల నేతపనివారు మరణించినచో వారి కుటుంబమునకు 5 లక్షల రూపాయలు జీవితబీమా కార్పొరేషను ద్వారా ఇచ్చునట్లు నిర్ణయించిరి. అనగా మన యిండ్ల పేర్లు వేలకొలదిగా బీమా పుస్తకములలోని కెక్కినవి. పేరులో ఒక యక్షరము, ఖాతాసంఖ్యలో ఒక యంకె, ఎంత ముఖ్యమో మనమెరుగవలెను. 2016 అక్టోబరులో పాత నల్లగొండ జిల్లా మూడు జిల్లాలైనపుడు, సూర్యాపేట వైపు, భువనగిరి వైపు ఉన్న మనవారి చిరునామాలన్నియు మారినవి. వానిని ఎందరు సరిచేయించుకొనిరి?

కావున మూడు మనవులు.

మొదటిది గృహస్థులకు. ప్రతి యింటను ఒక్క కాగితముపై మీ బీమాల పటమును గీసికొనుడు. పాలసీ పాత సంఖ్య, క్రొత్త సంఖ్య, సంస్థ పాత పేరు, క్రొత్త పేరు, నామినీ పేరు, బ్యాంకుఖాతా, చివరి రసీదు తేదీ వ్రాయుడు. ఆ కాగిత మెచటనున్నదో భార్యకు, పెద్దబిడ్డకు తెలియవలెను. సంస్థ కలసినదను ఉత్తరము వచ్చినపుడు దానిని పారవేయక, ఆ కాగితముతో సరిచూచుకొనుడు. అన్యాయము జరిగినదని తోచినచో ముందు సంస్థకు వ్రాసి, అచట న్యాయము దొరకనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును. దానికి రుసుము లేదు.

రెండవది విద్యావంతులైన యువతీయువకులకును, వారిని పోషించు దాతలకును. కంప్యూటరు చదువనగా ప్రోగ్రాములు వ్రాయుట యొక్కటియే కాదు. ఒక సంస్థ ఎట్లు పనిచేయునో వినయముతో అడిగి తెలిసికొని, దానిని పటముగా గీయుటయు గొప్పవిద్యయే. లెక్కకు గడి, గడికి ముడి తప్పని చూపు మన బిడ్డలకు పుట్టుకతో వచ్చినది. విద్యార్థివేతనము లిచ్చునపుడు ఈ విద్యనుకూడ తలంపుడు.

మూడవది మన సంఘమునకే. గ్రామశాఖలలో వేరువేరుగా నున్న మరణసహాయ నిధులను ఒకటి చేయవలెనను ఆలోచన మీలో కొందరికి కలదని వింటిని. ఆలోచన మంచిదే. కాని తీర్మానము చేయుటకు ముందు, ఏ గ్రామమున ఎవరి చందా ఎంత, ఎవరి పేర ఎవరు నామినీ, ఏ నియమము ఎచట వేరుగానున్నది, అని ఒక్క పటము గీయుడు. పెద్ద కంపెనీలను తప్పు పట్టుటకు ముందు మన చిట్టాను మనము సరిచూచుకొందము.

ఆ వితంతువు రసీదును దాచుకొనుటచేత గట్టెక్కినది. రసీదు దాచుకొనని వారి సంగతి యేమి? వారికొరకే కలుపువారు ముందుగా పటము గీయవలెను.